ఆరెకరాల చెలక, నలుగురు వారసులు: పాలమూరులో ఒక భూమి హక్కు కేసు

ఈ కేసు నా దగ్గరికి భూమి తగాదాగా రాలేదు, కిస్తీ బాకీగా వచ్చింది.

2008 ఎండాకాలం. ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో, మహిళా పొదుపు సంఘాలను నడిపే ఇందిర క్రాంతి పథం కింద కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. ఊళ్లో అందరూ సీసీ మేడం అనేవాళ్లు. ఒక గ్రామ సంఘంలో పుస్తకాలు చూస్తుంటే, ఒక సభ్యురాలి గడి మూడు నెలలుగా ఖాళీగా కనిపించింది. మిగతా పదకొండు మంది తమ కిస్తీలు కట్టుకుంటూ ఆమెది కూడా తలా కొంత వేసుకుని సర్దుతున్నారు. ఎందుకు కట్టడం లేదని అడిగాను. ఆమె లేచి నిలబడింది.

"ఆముదం నేనేసిన మేడం. ఎరువు సంఘం పైసలతోటే తెచ్చిన. కోసుకపోయింది మా బావ."

"చేను ఎవరి పేరున ఉంది?"

"మా మామ సంపాదించింది. ఇప్పుడు ఎవరి పేరున్నదో నాకెర్కలేదు."

"మరి నీ పేరున ఏముంది?"

కాసేపు ఆలోచించింది. "ఓటు కార్డు. సంఘం పుస్తకం."

ఆ జవాబు రాసుకున్న డైరీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఆమెను చిన్న కోడలు అంటాను. ఈ కథలో మిగతావాళ్లు ఆమె అత్త, బావ (భర్త అన్న), యారాలు (బావ భార్య), ఆడబిడ్డ. నిజానికి ఈ కేసు మొత్తం ఆ వరసల్లోనే ఉంది.

మేం ఎవరం, అక్కడ ఏం చేస్తున్నాం

ఇందిర క్రాంతి పథాన్ని నడిపింది గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ. సెర్ప్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000లో దీన్ని సొసైటీగా రిజిస్టర్ చేసింది. ఈ పథకం 'వెలుగు' పేరుతో మొదట ఆరు జిల్లాల్లో మొదలైంది: ఆదిలాబాద్, అనంతపురం, చిత్తూరు, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, విజయనగరం. పాలమూరుకు అంతకుముందే అనుభవం ఉంది. 1990ల రెండో సగంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ చేపట్టిన పేదరిక నిర్మూలన కార్యక్రమంలో కర్నూలు, అనంతపురంతో పాటు ఈ జిల్లా కూడా ఉంది. పది పదిహేను మంది ఆడవాళ్లు కలిసి చిన్న సంఘం, ఊళ్లోని చిన్న సంఘాలన్నీ కలిసి గ్రామ సంఘం, వాటి పైన మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య. వలస కూలీల జిల్లాలో ఈ నిర్మాణం నిలబడటం చిన్న విషయం కాదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని భార్యాభర్తలు ముంబై, పుణె పోయే ఊళ్లలో, నెలకు రెండుసార్లు ఆడవాళ్లు ఒకచోట కూర్చుని లెక్క రాయించుకోవడం నేను కళ్లారా చూశాను.

సంఘం అప్పుకు ఆస్తి తనఖా అక్కర్లేదు. ఒకరికొకరు పూచీ, అంతే. సెంటు భూమి లేని ఆడమనిషికి కూడా బ్యాంకు గుమ్మం తెరుచుకున్నది అందువల్లే. అంతకు మించిన మేలు మరే పథకమూ వాళ్లకు చేయలేదని ఇప్పటికీ నమ్ముతాను. అయితే ఆ మేలులోనే ఒక లోటు దాగి ఉంది. భూమి అడగకుండా అప్పిచ్చాం కాబట్టి, భూమి ఎవరిదో అడిగే పని మాకు పడలేదు. నా రిపోర్టుల్లో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అనే గడులు ఉండేవి. 'ఆమె పేరున ఏముంది' అనే గడి లేదు. ఆమె తెచ్చిన అప్పుతో ఎరువు కొని చల్లిన చేను ఇంకొకరిదైతే, పంటా ఇంకొకరిదే. అప్పు మాత్రం ఆమెది.

మన దేశంలో ఆడవాళ్లు సాగుదారులుగా లెక్కకెక్కిన కమతాలు 2015-16 వ్యవసాయ గణనలో కూడా నూటికి 14 మాత్రమే. పొలంలో పనిచేసేవాళ్లలో ఆడవాళ్లు ఎందరో ఏ ఊరి నాట్ల కాలంలో చూసినా కనిపిస్తుంది.

పహాణీలో ఏముంది

అదృష్టవశాత్తూ అప్పటికి సెర్ప్‌లో భూమి విభాగం పనిచేస్తోంది. పేద కుటుంబాల నుంచి వచ్చిన చదువుకున్న యువకులను, అమ్మాయిలను ఎంచుకుని, భూ చట్టాలు, రెవెన్యూ రికార్డులు నేర్పి పారాలీగల్స్‌గా మండలాల్లో పెట్టారు. కొలతలకు కమ్యూనిటీ సర్వేయర్లు ఉండేవాళ్లు. జిల్లా కేంద్రంలో భూమి హక్కుల కేంద్రం, అందులో లా చదివినవాళ్లు. మా మండలానికి వచ్చిన పారాలీగల్ ఇంటర్ చదివిన పిల్ల, కూలీల ఇంటి బిడ్డ. ఎమ్మార్వో ఆఫీసులో రికార్డు గది ముందు గంటలకొద్దీ నిలబడే ఓపిక ఆమెకున్నంత నాకు లేదు.

పది రోజుల్లో ఆమె నాలుగు సంవత్సరాల పహాణీ (భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో ఏటా రాసే రెవెన్యూ రికార్డు) నకళ్లు తెచ్చి గ్రామ సంఘం చాప మీద పరిచింది. ఆరెకరాల చెలక (మెట్ట భూమి), ఒకే సర్వే నంబరు. 2001లో చనిపోయిన మామ పేరు 2006 దాకా పట్టాదారు గడిలో అలాగే ఉంది. అనుభవదారు గడిలో ఇద్దరు కొడుకుల పేర్లు. 2006లో చిన్న కొడుకు, అంటే చిన్న కోడలి భర్త, పుణెలో కట్టుబడి పనిలో పై అంతస్తు నుంచి పడి చనిపోయాడు. 2007లో విరాసత్, అంటే వారసుల పేరున రికార్డు మార్పు, జరిగింది. ఆరెకరాలూ పెద్ద కొడుకు పేరున ఎక్కాయి. పంచనామాలో వారసుడు ఆయనొక్కడే. అత్త ఉన్నా, కోడలు ఉన్నా, ఇద్దరు మనవలున్నా, పెళ్లి చేసి పంపిన ఒక బిడ్డ ఉన్నా, ఎవరికీ నోటీసు లేదు.

చిన్న కోడలు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. చదవడం రాదు. మొగుడి పేరు ఎక్కడుందో చూపించమంది. పారాలీగల్ పాత పహాణీలో చూపించింది. తర్వాత కొత్తదాంట్లో చూపించమంది. అందులో లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

లెక్క మేం అనుకున్నట్టు రాలేదు

ఊరి లెక్క సులువు. ఇద్దరు కొడుకులు, మూడెకరాలు మూడెకరాలు. సంఘం ఆడవాళ్లూ అదే అన్నారు, నేనూ అదే అనుకున్నాను. భూమి హక్కుల కేంద్రంలో లాయరు కాగితం తీసి వేరే లెక్క వేసింది.

అది మామ తన చేత్తో కొన్న భూమి. వీలునామా రాయలేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం 2001లో ఆయన వారసులు నలుగురు: భార్య, పెద్ద కొడుకు, చిన్న కొడుకు, కూతురు. నలుగురికీ సమానం, తలా ఎకరం 20 గుంటలు (ఎకరానికి 40 గుంటలు). 2006లో చిన్న కొడుకు పోయాక ఆయన ఎకరం 20 గుంటలు మళ్లీ నాలుగు భాగాలు: భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. తలా 15 గుంటలు. అంటే చిన్న కోడలికీ పిల్లలకూ కలిపి చట్టం ఇచ్చేది ఎకరం 5 గుంటలు. అత్తకు ఎకరం 35 గుంటలు. ఆడబిడ్డకు ఎకరం 20.

మా గొంతులో వెలక్కాయ పడినట్టయింది. మేం నిలబడ్డ విధవరాలికి చట్టం కంటే ఊరి ఆచారమే ఎక్కువ ఇస్తోంది. ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వస్తోందంటే, ఆమె అత్త నుంచి, ఆడబిడ్డ నుంచి. ఆడవాళ్ల హక్కు అని మేం ఒక్కరి తరఫున అరుస్తుంటే, అదే చేనులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ల హక్కు మట్టిలో కలిసి ఉంది. ఆ ఇద్దరూ అడగలేదు కాబట్టి మాకు కనబడలేదు.

గ్రామ సంఘం మీటింగులు

రెండో చిక్కు ఇంకా దగ్గరిది. బావ భార్య, అంటే యారాలు, అదే గ్రామ సంఘంలో వేరే చిన్న సంఘం సభ్యురాలు. మొదటి మీటింగులో ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా, అందరి ముఖాలూ చూసి లేచిపోయింది. తర్వాత వాళ్ల చిన్న సంఘం పొదుపు కట్టడం మానేసింది. ఒక్క భూమి గొడవతో ఏడేళ్ల గ్రామ సంఘం రెండు ముక్కలయ్యేలా ఉందని పైకి రిపోర్టు చేయాలా వద్దా అని రెండు రాత్రులు ఆలోచించాను. చివరికి చేయలేదు.

అధ్యక్షురాలు యాభై దాటిన మనిషి, మేకలు కాచుకునేది. ఆమె పెట్టిన పద్ధతే మమ్మల్ని గట్టెక్కించింది. యారాలు మీటింగుకు రావాలి, మాట్లాడాలి. తీర్మానం అప్పుడు మాత్రం ఆమె, చిన్న కోడలు ఇద్దరూ బయట అరుగు మీద కూర్చోవాలి. ఇద్దరినీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టింది, కావాలనే.

పారాలీగల్, లాయరు కలిసి ఆర్‌ఓఆర్ (భూ హక్కుల రికార్డు) చట్టం కింద ఆర్డీవోకు అప్పీలు రాశారు. గడువు 60 రోజులు, అది ఎప్పుడో దాటిపోయింది. నోటీసే ఇవ్వలేదు కాబట్టి ఆర్డరు సంగతి తెలియలేదని, ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ పెట్టాం. బస్సు కిరాయి, జిరాక్సులు, వకాల్తా ఖర్చు గ్రామ సంఘం భరించింది. వాయిదా ఉన్నప్పుడల్లా ఇద్దరు సభ్యులు ఆమెతో పోయేవాళ్లు, కూలి వదులుకుని. నాలుగో వాయిదాకు బావ ఒక్కడే వచ్చి, ఆర్డీవో ఆఫీసు వరండాలో ఈ ముగ్గురు ఆడవాళ్లను చూసి, "మీకేం పని లేదా" అన్నాడట. "ఇదే మా పని" అందట అధ్యక్షురాలు. నేను అక్కడ లేను. ఈ మాట ఊరంతా చెప్పుకునేది.

2009 చివర్లో ఆర్డరు వచ్చింది. విరాసత్ రద్దు, వారసులందరికీ నోటీసులిచ్చి మళ్లీ విచారణ చేయమని తహశీల్దారుకు ఆదేశం. అప్పుడే బావ మాట్లాడదామని కబురు పెట్టాడు. కోర్టు దాకా పోతే చెల్లెలి వాటా కూడా బయటికి వస్తుందని ఆయనకు ఎవరో చెప్పారు.

బాయి

పంపకానికి ముందు సర్వేయర్ చేను కొలిచాడు. ఆరెకరాలూ భూమి మీద సరిగ్గానే ఉంది. కానీ బాయి పడమటి పక్కన ఉంది, బావ దున్నుకుంటున్న వైపు. నీళ్లు లేని తూర్పు ముక్క ఎన్నెకరాలు ఇచ్చినా అది ఆముదానికీ కందికీ తప్ప ఎందుకూ పనికిరాదు. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఎక్కువమంది విస్తీర్ణం రాసుకుని సంతోషిస్తారు, నీళ్ల సంగతి నోటి మాటకు వదిలేస్తారు. మా అధ్యక్షురాలు ఒప్పుకోలేదు. మోటారు వంతు రాయించింది: బాయి ఉమ్మడి, కరెంటు వచ్చిన రోజు మార్చి రోజు, మోటారు కాలితే ఖర్చు సగం సగం. కాలువ ఎవరి గట్టు మీదుగా పోవాలో కూడా రాయించింది. భాగపరిష్కార పత్రంలో సగం పేజీ ఆ బాయి గురించే. తర్వాత ఎన్నో కేసుల్లో ఆ సగం పేజీని నేను నకలు తీసి వాడుకున్నాను.

పంపకం ఇలా కుదిరింది. పెద్ద కొడుకుకు రెండెకరాల 20 గుంటలు, చిన్న కోడలికి తన వాటా, మైనర్ పిల్లల వాటా కలిపి రెండెకరాలు. అత్తకు ఆమె సొంత పేరున ఎకరం 20 గుంటలు. అత్త పేరున ఎందుకు, ముసలామె దున్నుతుందా అని ఊరి పెద్దమనుషులు అడ్డం తిరిగారు. అత్తే జవాబు చెప్పింది: "నా పేరున చెలకుంటే అన్నం పెట్టేటోళ్లు ఉంటరు."

ఆడబిడ్డ

ఆమెకు కబురు పెట్టాం. పక్క మండలం నుంచి వచ్చింది. లెక్క వివరంగా చెప్పాను, ఎకరం 20 గుంటలు నీకు హక్కుగా వస్తుందని. ఆమె నవ్వింది.

"భూమి అడిగితే మా అన్న గడప తొక్కనిస్తడా మేడం? నాకు ఒడిబియ్యం ఎవరు వోస్తరు?"

పుట్టింటివాళ్లు కూతురి ఒడిలో బియ్యం పోసి పంపే ఆచారమే ఒడిబియ్యం. ఆమె హక్కు విడుదల పత్రం, అంటే తన వాటా వదులుకునే కాగితం, మీద సంతకం పెట్టింది. అన్న ఒక చీర పెట్టాడు. అది అయిపోతే కేసు ముగుస్తుంది కాబట్టి, ఆ రోజు నాకు బరువు దిగినట్టే అనిపించింది.

ఈ మాట ఇక్కడ రాయకపోతే ఈ కేసు పూర్తిగా చెప్పినట్టు కాదు: అంతకు రెండేళ్ల ముందు మా నాన్న పోయాక, నేనూ అలాంటి కాగితం మీదే సంతకం పెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచే కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ చట్టం మీద నేను ఊరూరా మీటింగులు పెట్టి చెప్పినదాన్ని. అయినా అన్నయ్య కాగితం తెచ్చినప్పుడు పెన్ను ఇవ్వమని అడిగాను. అందుకే ఆడబిడ్డ సంతకం పెడుతుంటే అది నాకు తప్పుగా కాదు, మామూలుగా కనిపించింది. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడలేదు. వారం టైమివ్వలేదు. ఆమె ఊరి సంఘాన్ని పిలిపించలేదు. చిన్న కోడలి వెనక పదకొండు మంది నిలబడ్డారు కాబట్టి ఆమె నిలబడింది. ఆడబిడ్డ వెనక ఎవరూ లేరు. ఉన్నది నేనొక్కదాన్నే, నేనూ అప్పటికే సంతకం పెట్టినదాన్ని.

పాస్‌పుస్తకం వచ్చాక

2010 జూన్‌లో పట్టాదారు పాస్‌పుస్తకం, టైటిల్ డీడ్ రెండూ చిన్న కోడలి చేతికొచ్చాయి. ఫొటోలో కొంగు తలమీద కప్పుకుని భయంగా చూస్తుంటుంది. ఆ వానాకాలం సొసైటీలో విత్తనం తన పేరున తెచ్చుకుంది, బ్యాంకులో పంట రుణం తన పేరున తీసుకుంది. సంఘం అప్పు ఎరువుకు కాకుండా బర్రెకు వాడింది. కిస్తీ ఆగలేదు. అంతకంటే నాకు ముఖ్యమైనది, కొడుకుని మేస్త్రీ వెంట పంపకుండా పదో తరగతి పరీక్ష రాయించింది.

ఒకరోజు యారాలు నన్ను బస్టాండు దగ్గర ఆపింది. గొడవ సమయంలో నాతో మాట్లాడని మనిషి. "అన్నీ రాసిచ్చిన్రు మేడం. అత్తకిచ్చిన్రు, చిన్నదానికిచ్చిన్రు. నా మొగని పేరున రెండెకరాల 20 గుంటలు. మరి నా పేరున?"

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. భర్త బతికున్నంతకాలం ఆయన భూమిలో భార్యకు వాటా అంటూ చట్టంలో లేదు. చిన్న కోడలు భూమి పొందింది విధవరాలు కాబట్టి. మా భూమి కొనుగోలు పథకంలో భూమిలేని పేదలకు కొన్న చేలు ఆడవాళ్ల పేరునే రిజిస్టర్ చేసేవాళ్లు. నేను చూసినంతలో, మొగుడు బతికుండగా ఆడమనిషి చేతికి చేను వచ్చిన దారి అదొక్కటే. ఈమె ఇంట్లో భూమి ఉంది కాబట్టి అది వర్తించదు. బస్సు వచ్చేదాకా ఆమె పక్కనే నిలబడ్డాను.

ఆ తర్వాత నా పని తీరు మారింది. మైక్రో క్రెడిట్ ప్లాను (సంఘం అప్పుల ప్రణాళిక) రాసేటప్పుడు పెద్ద సైజు నోట్‌బుక్‌లో నేనే ఒక గడి గీసుకున్నాను: భూమి ఎవరి పేరున, బర్రె బీమా ఎవరి పేరున, ఇంటి పట్టా ఎవరి పేరున. సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి 2011లో వచ్చి 48 గంటల్లో అప్పు ఇస్తున్నప్పుడు కూడా ఆ గడి నింపాకే సిఫార్సు రాశాను. ఆలస్యం చేస్తున్నానని సంఘాలు విసుక్కున్న రోజులున్నాయి. భర్తను ఒప్పించి ఇంటి జాగా ఇద్దరి పేరున మార్పించుకున్నవాళ్లూ ఉన్నారు. కొద్దిమందే, అయినా ఉన్నారు.

ఇవాళ మహిళా సమాఖ్యలు పెట్రోలు బంకులు నడుపుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో నారాయణపేటలో ఒకటి మొదలైంది, అదీ మా పాత పాలమూరు జిల్లానే. చూసి సంతోషించాను. అక్కడ పనిచేసే అక్కలను కలిస్తే ఆ గడి గురించి అడగాలని ఉంది.

అత్త 2015లో పోయింది. ఆమె పేరున ఉన్న ఎకరం 20 గుంటలకు మళ్లీ విరాసత్. తల్లి ఆస్తి కాబట్టి కొడుకు, కూతురు, పోయిన కొడుకు పిల్లలు, మూడు భాగాలు: తలా 20 గుంటలు. 2009 నాటి విడుదల పత్రం తండ్రి వాటాకే. తల్లి వాటాను అది తాకదు. అప్పటికి నేను వేరే మండలంలో ఉన్నాను. చిన్న కోడలే ఫోను చేసింది. ఆడబిడ్డకు ఈ సంగతి చెప్పిందీ ఆమే. 2017లో భూ రికార్డుల ప్రక్షాళనకు రెవెన్యూ వాళ్లు ఊరికొచ్చినప్పుడు ఆడబిడ్డ ఆధార్ కార్డు పట్టుకుని వచ్చింది. ఈసారి తన ఊరి సంఘం నుంచి ముగ్గురిని వెంట తెచ్చుకుంది. అన్న ఇంట్లోకి రావద్దన్నాడు. ఆమె గ్రామ సంఘం గదిలో కూర్చుని కాగితాలు ఇచ్చి, అక్కడి నుంచే తిరిగిపోయింది.

2018 మేలో కొత్త పాస్‌పుస్తకాలతో పాటు రైతుబంధు చెక్కులు పంచారు. ఎకరానికి 4,000 రూపాయలు. ఆడబిడ్డ 20 గుంటలకు 2,000. చెక్కు తీసుకున్న సాయంత్రం చిన్న కోడలు ఇంట్లో ఆమెకు ఒడిబియ్యం పోశారు. బియ్యం, రవికె గుడ్డ, పసుపు, కుంకుమ చిన్న కోడలు తెచ్చింది. విధవ చేత్తో పొయ్యకూడదంటారు కదా. పోసింది యారాలు.